అహల్య షార్ట్ ఫిల్మ్: మా ఆవిడ నవ్వింది, నాకు చెమట పట్టింది

సెకండ్‌షో_సీను | శనివారం రాత్రి 11:20

ముందే చెప్తున్నాను, కథంతా బయటపెట్టేస్తాను. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి. 14 నిమిషాలే, యూట్యూబ్‌లో ఉంది.

సుజోయ్ ఘోష్ తీసిన బెంగాలీ షార్ట్ ఫిల్మ్ ‘అహల్య’. 2015లో వచ్చింది, నేను ఇవాళ చూశాను. అర్జున్ అనే కుర్రాడు కనబడటం లేదని వెతుక్కుంటూ ఇంద్ర సేన్ అనే ఇన్‌స్పెక్టర్, గౌతమ్ సాధు అనే ముసలి ఆర్టిస్టు ఇంటికొస్తాడు. తలుపు తీసింది పడుచమ్మాయి. కూతురనుకుంటాడు, పెళ్లామని తెలిసి నాలిక్కరుచుకుంటాడు. గూట్లో వరసగా బొమ్మలు, అచ్చం మనుషుల్లాగే. ఒకటి ఆ తప్పిపోయిన అర్జున్‌లా ఉంటుంది. పెద్దాయన ఓ రాయి చూపించి, ఇది చేతిలో ఉంటే ఎవరు కావాలంటే వాళ్లయిపోవచ్చు అంటాడు. మనవాడు నమ్మడు. సరే, ఇది పట్టుకుని పైకెళ్లి మా ఆవిడకి నా ఫోన్ ఇచ్చి రా అంటాడు పెద్దాయన. పైన ఆమెకి ఇతను మొగుడిలా కనిపిస్తాడు. అద్దంలో చూసుకుంటే తనకీ ముసలాయనే కనిపిస్తాడు. కాసేపు నేను ఇన్‌స్పెక్టర్నండీ అని మొత్తుకుంటాడు, తర్వాత మొత్తుకోవడం మానేస్తాడు. ఇంకేముంది, గూట్లో ఇంకో బొమ్మ.

ఇక్కడ మా ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు నిజంగానే చెమట పట్టింది. ఇందులో నవ్వడానికేముందే అంటే, “నీకు అర్థం కాదులే” అని వెళ్లి పడుకుంది. ఇది కామెడీయా, థ్రిల్లరా? ఎవరు ఎవర్ని మోసం చేసినట్టు? నాకైతే నిద్రపట్టేలా లేదు.

పెసరట్టు_ఉప్మా | శనివారం రాత్రి 11:31

సీనుగారూ, మిమ్మల్ని భయపెట్టింది సినిమా కాదు. మీ ఆవిడ నవ్వు.

సెకండ్‌షో_సీను | శనివారం రాత్రి 11:33

దొరికిపోయాను.

ఫస్ట్‌బెంచ్_ఫ్యాన్ | శనివారం రాత్రి 11:50

ఇందులో అహల్యగా వేసిన రాధికా ఆప్టే అంటే నాకు లెజెండ్, లయన్ హీరోయిన్‌గానే తెలుసు. లయన్ కూడా అదే 2015లోనే వచ్చింది. ఆ సినిమాలో ఆమెకి దొరికిన పని, ఇక్కడ టీ కప్పులు సర్దుతూ చేసిన పని పక్కపక్కన పెట్టి చూస్తే మనవాళ్ల మీద కోపమొచ్చింది. ఈ డైరెక్టర్ ‘కహానీ’నే కదా మనవాళ్లు నయనతారతో ‘అనామిక’గా తీసింది? కామెడీనా అంటే మాత్రం నాకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు. మంచి సస్పెన్స్, అంతే.

ఖరగ్‌పూర్_బాబు | ఆదివారం ఉదయం 7:05

మాది ఖరగ్‌పూర్. తాతగారి కాలంలో రైల్వే ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం, ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ. సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లకి అందనివి రెండు మూడున్నాయి, చెప్తాను.

సాధు అనేది ఇక్కడ మామూలు ఇంటిపేరే. కాబట్టి గౌతమ్ సాధు అంటే బెంగాలీకి పక్కింటాయన పేరులా వినిపిస్తుంది. కానీ గౌతముడూ, మునీ రెండూ అందులోనే ఉన్నాయి. ఎదురుగా అహల్య నిలబడి ఉంటే వచ్చినవాడు నా పేరు ఇంద్ర అంటాడు. కథ అయిపోయినట్టే! వాడొక్కడికే తెలియదు. మొదటి నవ్వు అక్కడే.

రెండోది ఇంకా తమాషా. ముసలాయనగా వేసింది సౌమిత్ర ఛటర్జీ. సత్యజిత్ రాయ్ తీసిన సోనార్ కెల్లా (1974), జై బాబా ఫెలునాథ్ (1979) రెండింట్లోనూ ఫెలూదా ఆయనే. ఫెలూదా అంటే బెంగాలీ పిల్లలకి డిటెక్టివ్ అన్న మాటకి మారుపేరు. ఆ మొహాన్ని పట్టుకొచ్చి తప్పిపోయినవాళ్లని మాయం చేసే మనిషిగా కూర్చోబెట్టారు. అంతేనా, ఇన్‌స్పెక్టర్‌గా వేసిన టోటా రాయ్ చౌధురి 2020లో ఓ వెబ్ సిరీస్‌లో తనే ఫెలూదా అయ్యాడు. అంటే పాత ఫెలూదా కాబోయే ఫెలూదాని బొమ్మ చేసి గూట్లో పెట్టాడన్నమాట. 2015లో ఈ సంగతి తీసినవాళ్లకీ తెలిసుండదు.

ఇంకోటి. మనుషుల్ని కుదించి బొమ్మలుగా దాచుకునే ఆర్టిస్టు కథ రాయ్ రాసిన ప్రొఫెసర్ శంకు కథల్లో ఒకటుంది. సినిమా వచ్చినప్పుడు ఆ పోలిక గురించి ఇక్కడ బాగానే మాట్లాడుకున్నారు. కానీ ఆ కథలో అహల్య లేదు, మంచం లేదు, తప్పు చేయడమన్న మాటే లేదు. కాపీ అనడం అన్యాయం.

సెకండ్‌షో_సీను | ఆదివారం ఉదయం 8:15

బాబుగారూ, ఫెలూదా సంగతికి ఓ దండం. ఇవాళ మళ్లీ చూడాలి.

పాతచింతకాయ | ఆదివారం ఉదయం 9:02

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒక్కణ్ణయినా అడ్డం మాట్లాడాలి. పంచకన్యల్లో మొదటి పేరు అహల్య. మా నాయనమ్మ పొద్దున్న మంచం దిగకముందే ఆ ఐదు పేర్లూ తలుచుకునేది. అలాంటి పేరు తీసుకొచ్చి పొట్టి బట్టలేసి, వచ్చినవాడికల్లా వల వేసే ఆడదానికి పెట్టి, పైగా నవ్వుకోవడం. పేరు మార్చి తీసుకుంటే ఎవరొద్దన్నారు? మన కథలతోనే ఎందుకు?

పెసరట్టు_ఉప్మా | ఆదివారం ఉదయం 9:10

పేరు మారిస్తే కథే లేదు మాస్టారూ. సుబ్బలక్ష్మి అని పెడితే ఇంద్రుడెందుకొస్తాడు?

పాతచింతకాయ | ఆదివారం ఉదయం 9:14

వెటకారం వద్దు.

వేదిక_పెద్ద | ఆదివారం ఉదయం 9:40

కథ గురించి ఎంతైనా కొట్టుకోండి, మనుషుల గురించి వద్దు. పెసరట్టుగారూ, మీకే.

వేయికళ్లు | ఆదివారం ఉదయం 11:25

పాతచింతకాయ గారూ, మీ బాధ అర్థమైంది. మా ఇంట్లోనూ ఆ శ్లోకం ఉంది. కానీ మనకి తెలిసిన అహల్య కథ, వాల్మీకి చెప్పిన అహల్య కథ ఒకటి కాదు. బాలకాండ 48వ సర్గ తీసి చూడండి. గౌతముడి వేషంలో వచ్చినవాడు ఇంద్రుడని ఆమెకి తెలుసు. తెలిసే ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో చెప్పడానికి వాల్మీకి వాడిన మాట కుతూహలం. దేవతల రాజు నా కోసం వచ్చాడా అన్న కుతూహలం. అయిపోయాక, నా కోరిక తీరింది, ఇక త్వరగా వెళ్లు, నిన్నూ నన్నూ కాపాడు అని కూడా అంటుంది. ఇందులో మోసపోయిన అమాయకురాలు ఎక్కడుంది?

రాయి కూడా అక్కడ లేదు! గౌతముడి శాపం ఏమిటంటే గాలి తింటూ, బూడిదలో పడుకుంటూ, ఎవరికీ కనబడకుండా ఆ ఆశ్రమంలోనే ఉండిపొమ్మని. రాయి తర్వాతి కావ్యాల్లో, పురాణాల్లో వచ్చింది. ఆమెకేమీ తెలియదు పాపం అన్నదీ అలా తర్వాత వచ్చిన మాటే. ఇంద్రుడి సంగతి ఇంకా నవ్వు తెప్పిస్తుంది. వృషణాలు ఊడి పడిపోతే పితృదేవతలు పొట్టేలువి తెచ్చి అతికిస్తారు (49వ సర్గ). మన ఊళ్లలో హరికథ చెప్పేవాళ్లు ఇది మింగేసి ఒళ్లంతా కళ్లు అన్నదే చెప్తారు, ముందు వరసలో పిల్లలుంటారు కదా. నా పేరు అక్కణ్ణుంచి వచ్చిందే.

ఇక నవ్వడం అపచారమంటే మొల్లని ఏం చేద్దాం? రాముడి పాదధూళి తగిలి రాయి ఆడదయిందట, ఇప్పుడు నా పడవకి తగిలితే ఏమవుతుందో అని గుహుడు భయపడి ఆయన కాళ్లు కడిగిన పద్యం మనకి బళ్లోనే చెప్పారు. అది భక్తీ, నవ్వూ రెండూ కలిసిన పద్యం. శృంగారం సంగతయితే మధుర నాయకుల కొలువులో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు రాసిన అహల్యాసంక్రందనం ఉండనే ఉంది. దాని ముందు ఈ 14 నిమిషాల సినిమా సత్యనారాయణ వ్రతం.

పాతచింతకాయ | ఆదివారం మధ్యాహ్నం 12:30

వాల్మీకిలో తెలిసే ఒప్పుకుందన్నది నేను చదవలేదు. ఇంట్లో గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ వాళ్ల రామాయణం ప్రతి ఉంది, ఇప్పుడే చూశాను. మీరన్నట్టే ఉంది. కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది, కాకపోతే కొంచెం జరిగింది. వాల్మీకి ఆమెని ఆమెగా చూశాడు. సినిమా అలా చూసిందా?

లా_పాయింటు | ఆదివారం మధ్యాహ్నం 3:15

ఎవరు ఎవర్ని మోసం చేశారు అన్నది సీనుగారి ప్రశ్న కదా. సినిమా వచ్చిన 2015 నాటికి ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 497వ సెక్షన్ అమల్లో ఉంది. వ్యభిచారం నేరం, ఐదేళ్ల దాకా జైలు. శిక్ష మగవాడికే. ఆమెకి ప్రేరేపించిందన్న నేరం కూడా అంటదు. ఫిర్యాదు చేసే హక్కు ఆమె భర్తది. సినిమాలోనూ అచ్చం ఇంతే, ఆమె అలాగే ఉంది, వచ్చినవాడు బొమ్మయ్యాడు. గౌతమ్ సాధు ఇంట్లోనే సెషన్స్ కోర్టు పెట్టుకున్నాడు.

కానీ ఆ సెక్షన్‌లోనే ఓ మెలిక ఉంది. భర్త ఒప్పుకున్నా, తెలిసి ఊరుకున్నా అది నేరం కాదు. ఇక్కడ భర్త ఊరుకోవడమేమిటి, రాయి చేతిలో పెట్టి, పైకెళ్లు నాయనా అని మెట్లెక్కించాడు! కోర్టులో అయితే ఇంద్ర సేన్ ఆ సెక్షన్ నుంచి దర్జాగా బయటపడేవాడు. 2018 సెప్టెంబరు 27న సుప్రీం కోర్టు అయిదుగురు జడ్జీల బెంచి 497ని కొట్టేసింది కూడా. భార్య భర్త ఆస్తి అన్న భావన మీద నిలబడిన చట్టమని దాని మీద ప్రధానమైన విమర్శ.

ఇప్పుడు అసలు కత్తి. ఆమె నిజంగానే వచ్చినవాణ్ణి భర్త అనుకుందనుకోండి. తను భర్త కాదని వాడికి తెలుసు, ఆమె పొరబడుతోందని కూడా తెలుసు. ఐపీసీ 375 నాలుగో క్లాజు ప్రకారం అది అత్యాచారం. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ ఆ క్లాజు ఉంది. కాబట్టి దీన్ని అక్రమ సంబంధం కథ అంటుంటే నాకు ఇబ్బందిగా ఉంది. ఆమెకి తెలియకపోతే అది సంబంధమే కాదు.

ఫస్ట్‌బెంచ్_ఫ్యాన్ | ఆదివారం మధ్యాహ్నం 3:22

అమ్మో. నేను హాయిగా సస్పెన్స్ అనుకుని చూశాను.

గోరింటాకు | ఆదివారం సాయంత్రం 5:48

లా పాయింటు గారు సగం చెప్పారు, మిగతా సగం నేను చెప్తాను.

ఆమెకి తెలియకపోతే ఆమె బాధితురాలు. తెలిసే చేసిందంటే మొగుడు బొమ్మలు చేసుకోవడానికి వాడే ఎర. రెండిట్లో ఏది తీసుకున్నా ఆ మేడ మీద గదిలో ఏం జరగాలో ముసలాయనే రాసిపెట్టాడు. తలుపు తీసేది ఆమె, టీ తెచ్చేది ఆమె, పేరు ఆమెది. కోరిక మాత్రం ఆమెది కాదు. వేయికళ్లు గారు చెప్పిన ఆ కుతూహలం అన్న ఒక్క మాట వాల్మీకి ఆమెకి ఇచ్చాడు, 2015లో తీసిన మోడరన్ సినిమా దాన్ని తీసేసుకుంది. బట్టలు పొట్టివి చేస్తే స్వేచ్ఛ వచ్చినట్టా? ఈసారి రాయయ్యింది మగవాడు, భలే తిప్పారు అని అందరూ చప్పట్లు కొట్టారు. తిప్పింది శిక్షని. ఆమె ఉన్నచోటే ఉంది, ఆ ఇంట్లోనే.

ఓల్గా గారి ‘విముక్త’ కథల్లో మృణ్మయనాదం చదివారా? ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ వచ్చింది కూడా ఇదే 2015లో. అందులో అహల్య సీతతో మాట్లాడుతుంది. ఆమెకి తెలుసా తెలియదా అని లోకం చేసే విచారణ ఉంది చూశారా, దాని గురించి. నిన్నట్నుంచి మనం ఈ పేజీలో చేస్తున్న పనేమిటి? తెలుసా, తెలియదా, ఏ సెక్షన్, ఏ సర్గ. నాతో కలిపి.

లా_పాయింటు | ఆదివారం సాయంత్రం 6:02

ఒప్పుకుంటున్నాను. వృత్తి అలాంటిదండీ.

కత్తెర_కిట్టు | ఆదివారం రాత్రి 9:37

గోరింటాకు అక్కా, మీరు చెప్పింది కథ కాగితం మీద చదివితే కరెక్టు. తెర మీద మాత్రం కొంచెం వేరుగా ఉంది. నేను ఎడిటింగ్ చేస్తాను, అలవాటు కొద్దీ సౌండ్ ఆపేసి ఓసారి చూశాను. మాటలు లేకుండా చూస్తే అందరికన్నా హాయిగా ఉన్నది అహల్యే. ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ఇరుకుగా కూర్చుంటాడు, ఎక్కడ చూడాలో తెలియక గోడల్ని చూస్తాడు. ఆమె మాత్రం అతని మొహంలోకే చూస్తుంది. ఎరగా వాడబడుతున్న మనిషి అలా చూడదు. ముసలాయన బొమ్మలు చేసుకుంటుంటే, ఈమెకీ ఏదో సొంత సరదా ఉన్నట్టే నాకనిపించింది. డైలాగులో లేదు, నిజమే. రాధిక కళ్లలో ఉంది.

కామెడీ గురించి. ఎవరూ తాకకుండానే బొమ్మ కింద పడుతుంది, గుర్తుందా? మొదట చూసినప్పుడు అది దెయ్యం సినిమా ట్రిక్కు. చివరిదాకా చూసి వెనక్కొస్తే పొట్ట చెక్కలవుతుంది. పాపం, ఆ అర్జున్ లోపల్నుంచి “ఒరే పారిపోరా” అని ప్రాణం పెట్టి గెంతుంటాడు. బయట ఇన్‌స్పెక్టర్‌కేమో బొమ్మ పడింది, అంతే. వాడి కోసమే వెతుకుతూ వచ్చి, వాణ్ణి పట్టించుకోకుండా టీ తాగుతున్నాడు. ఇంతకన్నా నల్లటి జోకు ఏముంటుంది? పోలీసు వచ్చాడు, తప్పిపోయినవాణ్ణి పట్టుకున్నాడు కూడా, కేసు మాత్రం తేలలేదు.

షార్ట్ ఫిల్మ్స్ తీసే తమ్ముళ్లకి ఒక మాట. ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు, ఒక రాయి. మనవాళ్లు పది నిమిషాల సినిమాలో నాలుగు నిమిషాలు డ్రోన్ షాట్లు పెడతారు.

పెసరట్టు_ఉప్మా | ఆదివారం రాత్రి 9:45

మూడు నిమిషాలు టైటిల్స్, థ్యాంక్స్ కార్డులు. అది మర్చిపోయావు అన్నా.

గోరింటాకు | ఆదివారం రాత్రి 10:10

కిట్టూ, సౌండ్ ఆపేసి చూస్తాను. ఆమె కళ్లలో ఉందని నువ్వు చెప్తే సగం నమ్ముతున్నాను. మిగతా సగం నటి గొప్పతనం, దర్శకుడిది కాదు.

ఆవకాయ_అత్త | సోమవారం మధ్యాహ్నం 2:20

మీరంతా చదువుకున్నవాళ్లు, నేను వంట మధ్యలో ఫోన్లో చూసేదాన్ని. ఇలాంటిదే ఇంకొకటుంది, అది నాకు ఇంతకంటే నచ్చింది. ‘చట్నీ’ అని హిందీది, 2016లో వచ్చింది. జ్యోతీ కపూర్ దాస్ తీసింది, టిస్కా చోప్రా, ఆదిల్ హుసేన్, రసికా దుగల్ ఉన్నారు. 2017లో ఫిల్మ్‌ఫేర్ వాళ్లు దానికీ, టిస్కాకీ అవార్డులిచ్చారు. మొగుడు పడుచుదాని వెంట పడుతున్నాడని కనిపెట్టిన ఇల్లాలు అరవదు, ఏడవదు, జుట్టు పట్టుకోదు. ఆ పిల్లనే ఇంటికి పిలిచి పకోడీలు, చట్నీ ముందు పెట్టి ఓ కథ చెప్తుంది. అంతకుమించి చెప్పను. టిస్కాని గుర్తుపట్టలేరు, పళ్లూ జుట్టూ మొత్తం మార్చేసుకుంది.

అహల్యలో మొగుడు శిక్ష వేశాడు. చట్నీలో ఇల్లాలి చేతిలో గరిట ఉంది. గోరింటాకూ, నీకు కావాల్సిన కోరిక అందులోనూ దొరకదేమో కానీ, కథ చెప్పేది మాత్రం ఆవిడే. తిన్న పకోడీ గొంతులో అడ్డుపడుతుంది చూడు, అదీ నవ్వంటే. నేను ఆ రోజు కొత్తిమీర పచ్చడి చేయబోయి మానేశాను.

గోరింటాకు | సోమవారం మధ్యాహ్నం 2:41

అత్తయ్యా, రాత్రికి చూస్తాను. పచ్చడి మానేశారంటే సినిమా గట్టిదే.

వేయికళ్లు | సోమవారం సాయంత్రం 4:00

కిట్టుగారు చెప్పిన బొమ్మ సంగతి గురించే పొద్దున్నుంచి ఆలోచిస్తున్నాను. వాల్మీకి అహల్య కూడా ఎవరికీ కనబడకుండా అక్కడే ఉంది కదా, ఆశ్రమం పక్కనుంచి మనుషులు పోతూనే ఉండుంటారు. బొమ్మలో ఇరుక్కున్న అర్జున్ గతి అదే. రాయి కన్నా ఇది మూలానికి దగ్గరగా ఉంది. దర్శకుడు తెలిసి చేశాడా అన్నది నాకనవసరం.

సెకండ్‌షో_సీను | సోమవారం రాత్రి 10:55

అందరికీ థ్యాంక్స్. మీరు రాసినవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. 375 దగ్గర నవ్వలేదు, ఆ ఒక్క పోస్టు రెండుసార్లు చదవమంది. ఫెలూదా దగ్గర నవ్వింది. ఇద్దరం కలిసి మళ్లీ చూశాం. ఈసారి బొమ్మ పడ్డప్పుడు నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకుంటున్నా.

మొదటిసారి ఎందుకు నవ్విందో ఇవాళ చెప్పింది. మీరంతా ఆమెకి తెలుసా తెలియదా అంటున్నారు, నాకు వాణ్ణి చూస్తేనే నవ్వొచ్చింది అంది. పోలీసోడు. చేతిలో రాయి ఉంది. ఆ రాయి వల్లే తను ముసలాడిలా కనిపిస్తున్నానని అద్దంలో చూసి తెలుసుకున్నాడు. అది కింద పెట్టేస్తే అయిపోయేది. ఫోన్ మంచం మీద పడేసి రావడం అర నిమిషం పని. అంత సేపు నేను కాదు నేను కాదు అన్నాడు కానీ రాయి మాత్రం వదల్లేదు కదా, “మీ మగాళ్లంతా ఇంతే” అంది.

నేను ఏమీ అనలేదు.

పెసరట్టు_ఉప్మా | సోమవారం రాత్రి 10:58

మంచి పని చేశారు.

పాతచింతకాయ | మంగళవారం ఉదయం 6:30

సీనుగారూ, మీ ఇంటావిడకి నా నమస్కారాలు చెప్పండి. ఆ రాయి మాట మనలో ఒక్కరికీ తట్టలేదు.

కొత్తసభ్యుడు_21 | మంగళవారం ఉదయం 10:12

హాయ్ అండీ, సినిమా బాగుందా? ఎందులో దొరుకుతుంది? కథ చెప్పకండి ప్లీజ్, నేనింకా చూడలేదు.

వేదిక_పెద్ద | మంగళవారం ఉదయం 10:15

తమ్ముడూ, ఈ పేజీ మూసేసి యూట్యూబ్‌కి వెళ్లు. పైకి మాత్రం చూడకు.